ఎక్కువైన ఉమ్మనీరు, కరువైన మంచినీళ్లు

ఉమ్మనీరు ఎక్కువుందని డాక్టరు అరుణకుమారి చెప్పగానే కల్పనకు పరీక్షలో మార్కులు ఎక్కువొచ్చినంత సంబరమైంది. ఆమె ఉప్పల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు. తోటి టీచర్లు కొందరు కాన్పుకు ముందు ఉమ్మనీరు తగ్గిందని ఆస్పత్రుల చుట్టూ తిరగడం చూసింది. తనకా బాధ లేదు కదా అనుకుంది.

"అంత మురిసిపోకమ్మా," అంది డాక్టరు. "తక్కువైతే ఒక తిప్పలు, ఎక్కువైతే ఇంకో తిప్పలు. నీకు ఆయాసం అందుకే. గుండెల్లో మంట కూడా అందుకే."

షుగరు పరీక్ష బాగానే ఉందనీ, స్కానులో బిడ్డకు ఏ లోపమూ కనబడలేదనీ, చాలామందికి కారణం తెలియకుండానే ఇలా అవుతుందనీ ఆమె వివరంగా చెప్పింది. ఎడమపక్కకు తిరిగి పడుకోవాలి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి, వారం వారం వచ్చి చూపించుకోవాలి. ఉమ్మనీరు పోవడం మొదలైతే మాత్రం నడవకుండా, పడుకునే ఆస్పత్రికి రావాలి. మంచినీళ్లు మామూలుగా తాగాలి.

ఈ చివరి మాట చెప్పేటప్పుడు కల్పన అత్తగారు బాలనర్సమ్మ గదిలో లేదు. మేడిపల్లిలో ఉండే చెల్లెలు ఫోన్ చేస్తే మాట్లాడడానికి వరండాలోకి పోయింది. తిరిగొచ్చేసరికి ఆమె చెవినబడ్డది ఒక్కటే: నీళ్లు ఎక్కువైనయ్.

నాచారంలో ఇల్లు వాళ్ల సొంతం. కింద గోపాలరావు, కామాక్షి దంపతులు అద్దెకుంటారు, పైన వీళ్లు. మామగారు పెంటయ్య నీళ్ల డిపార్టుమెంటులో పనిచేసి రిటైరైనాడు. నాచారం గల్లీల్లో వాల్వులు తిప్పితిప్పి ఆయన చేతులే పానాల్లాగా తయారైనాయి. వాళ్లు ఇంటికి రాగానే భార్య చెప్పిన మాట విని, గడ్డం గోక్కుని, ఆలోచించి తీర్పు చెప్పాడు.

"ట్యాంకు నిండినంక ఏం జేస్తం? ఇన్‌లెట్ బంద్ జేస్తం."

"అదే నేను గూడ అనుకున్న," అంది బాలనర్సమ్మ.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ఇద్దరికీ ఒక మాట కుదరడం అదే మొదలని కల్పన భర్త వీరేందర్ తర్వాత చెప్పాడు.

ఆ సాయంత్రమే ఫ్రిజ్‌లో సీసాలు మాయమైనాయి. పప్పుచారు స్థానంలో వేపుడు వచ్చింది. మజ్జిగ చెంచాతో తినేంత చిక్కబడింది. పుచ్చకాయ పేరెత్తితే బాలనర్సమ్మ దిష్టి తీసినంత పని చేసింది. టీ మాత్రం ఇచ్చేవాళ్లు, కాకపోతే దగ్గు మందుకు వచ్చే చిన్న మూతలో.

"అత్తమ్మా, డాక్టరు నీళ్లు తాగుమనే చెప్పింది," అంది కల్పన.

"ఆమెకేం, చెప్తది. పొట్ట మోసేది నువ్వు గదా బిడ్డా."

పొట్ట సంగతి నిజమే. కల్పనకు తన కాళ్లు కనబడక చాలా రోజులైంది. నాలుగు మెట్లెక్కితే నాలుక బయటికొచ్చేది. కూర్చుని పొట్ట మీద పళ్లెం పెట్టుకుని తింటుంటే లోపలి బిడ్డ తన్ని పళ్లెం ఎగరగొట్టేది. షేర్ ఆటో డ్రైవరు ఒకడు ఆమెను చూసి పక్క సీటు ఖాళీగా వదిలేసి, "కవలలా అక్కా?" అని అడిగాడు. కాదంటే నమ్మలేదు. డాక్టరు తప్పు లెక్కబెట్టి ఉంటుందన్నాడు.

దాహం తట్టుకోలేక కల్పన బాత్రూములోకి పోయి కుళాయి కింద దోసిలి పట్టేది. పెంటయ్యకు పైపులో నీళ్లు కదిలిన చప్పుడు వీధి చివర నుంచైనా తెలుస్తుంది.

"కల్పనా, ముఖం కడిగినంత సేపు గాదు నడుస్తున్నది ట్యాపు," అనేవాడు తలుపు బయట నుంచి.

"కాళ్లు గూడ కడుగుతున్న మామయ్యా."

"నీ కాళ్లు నీకు అందుతలేవు గదమ్మా."

ఈ కష్టం కింద కామాక్షికి తెలిసింది. ఆమెది కాకినాడ దగ్గర. ఆమె కోడలికి కాన్పప్పుడు ఉమ్మనీరు తగ్గితే నీళ్లూ కొబ్బరినీళ్లూ పట్టించిందట. అప్పటినుంచీ కడుపుతో ఉన్నవాళ్లకు ఏం జరిగినా కొబ్బరినీళ్లే మందని ఆమె నమ్మకం. ఎక్కువైందని కల్పన చెప్పినా ఆమె వినలేదు.

"ఎక్కువో తక్కువో, నీళ్లనేవి తాగాలమ్మాయ్. నువ్వు బుట్ట దించు, మిగతాది నేను చూసుకుంటాను," అంది.

వాళ్ల బాల్కనీకి కూరగాయలు పైకి లాగే తాడు బుట్ట ఒకటుంది. మధ్యాహ్నం బాలనర్సమ్మ సంతకు పోయిన అదను చూసి కల్పన బుట్ట దించింది. కామాక్షి అందులో కొబ్బరినీళ్ల సీసా పెట్టి, పైన మునక్కాయలు కప్పింది. కల్పన ఆయాసపడుతూ లాగుతోంది. బుట్ట సగం ఎక్కింది. అప్పుడే గేటు తీసుకుని బాలనర్సమ్మ వచ్చింది. కొత్తిమీర దొరకలేదని సంత మధ్యలోనే తిరిగొచ్చిందట. చేయి చాచి బుట్ట పట్టుకుంది.

"ఏందిది?"

"మునక్కాయలు అత్తమ్మా," అంది కల్పన పైనుంచి.

బాలనర్సమ్మ బుట్టను అటూ ఇటూ ఊపింది.

"మునక్కాయలు గుడగుడ అంటయా?"

పైనుంచి కల్పన తాడు వదల్లేదు, కింద బాలనర్సమ్మ బుట్ట వదల్లేదు. కామాక్షి మధ్యలో నిలబడి, "వదినగారూ, పిల్లకు గొంతు ఎండిపోతుంటే మీకు జాలి లేదా?" అంటే, "నీళ్లు నిండి పిల్ల పగిలిపోతదని నాకు భయమైతున్నది, మీకు మునక్కాయల ఆట దొరికింది," అని బాలనర్సమ్మ. ఆ పెనుగులాటలో మూత ఊడి కొబ్బరినీళ్లన్నీ బాలనర్సమ్మ తల మీద పడ్డాయి. ఆమె కళ్లు తుడుచుకుని, పెదాలు చప్పరించి, "తీపున్నయ్," అని లోపలికి పోయింది.

వారం తిరిగి ఆస్పత్రికి పోయారు. ఈసారి పెంటయ్య కూడా వచ్చాడు. డాక్టరు కల్పన నాలుక చూసి, "నీళ్లు తాగట్లేదా?" అంది.

"నేనే బంద్ వెట్టిన," అంది బాలనర్సమ్మ, మెచ్చుకుంటుందేమోనని ముందుకు వచ్చి.

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "అమ్మా, తాగే నీళ్లు ఆపితే ఆ నీళ్లు తగ్గవు. ఈ అమ్మాయే నీరసపడిపోతుంది."

"కనెక్షన్ లేదా?" అన్నాడు పెంటయ్య. తన సర్వీసులో అలాంటి లైను ఆయన చూడలేదు. "మరి అండ్లకు నీళ్లు యాడికెల్లి వస్తున్నయ్ మేడం?"

"చాలావరకు లోపలి బిడ్డ పోసే మూత్రమే. మళ్లీ బిడ్డే మింగుతుంది. పోసినదానికీ మింగినదానికీ లెక్క కుదరకపోతే ఎక్కువవుతుంది."

బాలనర్సమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. పెంటయ్య మాత్రం చాలా గౌరవంగా కోడలి పొట్టవైపు చూశాడు.

"గంత చిన్నగున్నప్పుడే సొంత ప్లాంటు వెట్టుకున్నదన్నట్టు," అన్నాడు.

అంతేకాదు, పోయిన వారం తలకిందులుగా ఉన్న బిడ్డ ఈ వారం అడ్డంగా తిరిగింది. ఈదడానికి జాగా ఎక్కువుంటే అలాగే తిరుగుతారనీ, కంగారు పడొద్దనీ, కానీ నీళ్లు పోయాయంటే ఒక్క క్షణం ఆగొద్దనీ డాక్టరు మళ్లీ చెప్పింది. ఈసారి వీరేందర్ ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. దోస్తు మహిపాల్ కొత్త కారు మాట్లాడిపెట్టి, దాని సీట్లన్నిటికీ నీలం టార్పాలిన్ కప్పాడు. మహిపాల్ ఆ కారులోనే ఆఫీసుకు పోతుంటే మేకలు అమ్మేవాడనుకుని ఇద్దరు బేరమాడారట.

ఆ మధ్యాహ్నం కల్పన ఎడమపక్కకు తిరిగి పడుకుంది. బాలనర్సమ్మ మంచం పక్కన కూర్చుని ఒక చెంబు నీళ్లు పెట్టి నోరు విప్పింది.

"నాకు భయమైంది బిడ్డా. ఏం జెయ్యాల్నో తెల్వలె. చేతికి దొరికింది బంద్ వెట్టిన."

కల్పనకు కోపం పోయింది. "నాకు గూడ భయమే అత్తమ్మా," అంది. అంతకుముందు ఆ మాట ఎవరితోనూ అనలేదు. బాలనర్సమ్మ ఆమె పాదాలు ఒడిలోకి తీసుకుని వాచిన చోట మెల్లగా నిమిరింది. రెండో చేయి మాత్రం చెంబు మీంచి తీయలేదు. ఆ రోజు నుంచి గుక్క గుక్కకూ తాగించడం మొదలుపెట్టింది. కామాక్షి కూడా తోడైంది. ఇద్దరూ వంతులేసుకుని తెస్తుంటే కల్పనకు పాత కరువే నయమనిపించింది.

మరో పది రోజులకు, నల్లా నీళ్లు వచ్చే రోజు పొద్దున, పెంటయ్య కింద గోపాలరావుతో మాట్లాడుతున్నాడు. కల్పన ముందుగదిలో నిలబడి తల దువ్వుకుంటోంది. లోపల టప్‌మని ఏదో తెగినట్టైంది. చూస్తుండగానే నీళ్లు గది దాటి, గడప దాటి, మెట్ల మీదికి పారాయి.

"ఓ అయ్యా, నీళ్లు పోతున్నయ్," అని బాలనర్సమ్మ కేకేసింది.

పెంటయ్య వయసు మరిచి మెట్లెక్కాడు. అందరినీ దాటుకుని నేరుగా డాబా మీదికి పోయాడు. మోటారు ఆపాడు, ట్యాంకు వాల్వు తిప్పాడు, పిడి ఊడదీసి జేబులో వేసుకున్నాడు. కిందికి వచ్చి, "బంద్ జేసిన," అన్నాడు. నేల మీద నీళ్లు ఇంకా పారుతున్నాయి. "ఇంక వస్తనే ఉన్నయేంది?"

"అది నీ ట్యాంకు గాదయ్యా, కోడలు," అంది బాలనర్సమ్మ.

కల్పన అప్పటికే డాక్టరు చెప్పినట్టు ఎడమపక్కకు ఒరిగి, నడుం కింద దిండు పెట్టుకుని పడుకుంది. మామగారి ముఖం చూడగానే ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వినకొద్దీ నీళ్లు దూకాయి. నీళ్లు దూకినకొద్దీ ఇంకా నవ్వొచ్చింది.

"నవ్వకు కల్పనా, జర నవ్వకు," అని బతిమాలుతూ వీరేందర్ కూడా నవ్వాడు. అతని కళ్లల్లో మాత్రం నీళ్లు తిరిగాయి.

గోపాలరావు, ఫోన్ చేయగానే కారుతో వచ్చిన మహిపాల్ తలో పక్క పట్టి దుప్పటితో సహా ఆమెను కారులో పడుకోబెట్టారు. టార్పాలిన్ మీద ఆమె జారకుండా బాలనర్సమ్మ కింద కూర్చుని కాళ్లు పట్టుకుంది. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర బ్రేకు వేస్తే ఇద్దరూ కలిసి ముందుకు జారారు. ఉప్పల్‌లో ఆస్పత్రి చేరేదాకా బాలనర్సమ్మ దేవుళ్లనందరినీ పేరుపేరునా పిలిచింది. మధ్యలో మహిపాల్‌ను తిట్టింది.

అరుణకుమారి చూసి, అడ్డం తిరిగిన బిడ్డ తల మళ్లీ కిందికి వచ్చిందనీ, బొడ్డుతాడు ముందుకు జారలేదనీ చెప్పాకగానీ వీరేందర్ కూర్చోలేదు. సాయంత్రానికి మామూలు కాన్పే అయింది. ఆడపిల్ల. ఒక్కతే. బయటికి రాగానే వార్డంతా వినబడేలా ఏడ్చింది.

అందరూ కుదుటపడ్డాక గోపాలరావు ఫోన్ చేశాడు. "పెంటయ్యగారూ, శుభం. అంతా క్షేమమే కదా? మరేం లేదండీ, పొద్దున్నుంచీ ఇంట్లో చుక్క నీళ్లు రావడం లేదు."

పెంటయ్య జేబు తడుముకున్నాడు. పిడి అక్కడే ఉంది. మనవరాలి ముఖం ఇంకొక్కసారి చూసి వస్తానని లోపలికి పోయినవాడు, గోపాలరావు మళ్లీ రెండుసార్లు చేసేదాకా బయటికి రాలేదు.

కల్పన గుండెల నిండా గాలి పీల్చింది. అడ్డేమీ తగల్లేదు. అన్నం తెచ్చి పెడితే పళ్లెం నిండా తిని, మళ్లీ పెట్టించుకుంది. తర్వాత నర్సును అడిగి, ఆమె సరేననగానే, ఎన్నో నెలల తర్వాత బోర్లా తిరిగి చేతులు చాచి పడుకుంది. బిడ్డను చూడ్డానికి కామాక్షి, మేడిపల్లి చెల్లెలు, మరి నలుగురూ వచ్చారు. బాలనర్సమ్మ బిడ్డను ఎత్తుకుని తలుపుకు అడ్డంగా నిలబడింది.

"పిల్లను గీడనే సూడున్రి," అంది. "లోపల నా కోడలు పండుకున్నది."