మా గడప ముందరి మిట్ట

మద్రాసు జార్జి టౌన్ సందులో మా ఇల్లు. గడప దాటితే రోడ్డే. ధర్మలింగం శెట్టి కొడుకు కొత్త మోటార్ సైకిల్ కొన్నప్పటి నుంచి, గిన్నెలు తోమేటప్పుడు మూడేళ్ల మా బిడ్డ కన్యకను పాత చీరతో అరుగు స్తంభానికి కట్టేసేదాన్ని. ఒకసారి బండి ఆ చీరను రాసుకుంటా పోయింది.

మెల్లగా పొమ్మంటే, "బిడ్డను లోపల పెట్టుకో అక్కా, రోడ్డు నీదా?" అన్నాడు. నీదీ కాదనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. మా ఆయన కోటిలింగం మూటల చేతిబండి లాగేది వాళ్ల మిరపకాయల మండీకే.

ఐదో తరగతి చదువుతో నేనే అర్జీ రాసినాను. పక్కింటి లూర్దుమేరి ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు వేయించింది. కార్పొరేషన్ ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగినాం. చివరికి మా గడప ముందరే తారుతో స్పీడ్ బ్రేకర్ వేసినారు. మోటార్ సైకిల్ ఆడికొచ్చి మూలిగి, మెల్లగా దాటింది. ఆ పొద్దే బిడ్డ కట్టు విప్పేసినాను.

మర్నాడు మా ఆయన బండి ఆ మిట్ట ఎక్కలేక వెనక్కి జారింది. మూటలు పడినాయి. మోకాలు చీరుకుపోయింది. వెనక బండి లాగుతున్న కాళిముత్తు, "ఏం చెల్లీ, మొగుడికి కొండ కట్టిచ్చినావే," అన్నాడు. మాటలో కసి లేదు, అలుపే ఉంది.

సాయంత్రం బండ్లోళ్లంతా మా అరుగు మీద చేరినారు. ఆదివారం గడ్డపారతో మిట్ట తవ్వేద్దామన్నారు. మా ఆయన మోకాలికి పసుపు అద్దుకుంటా, "అర్జీ పెట్టింది అది. దాన్నే అడగండి," అన్నాడు.

చీర ఇంకా స్తంభానికే వేలాడతా ఉంది.

"వంతెన ఎక్కేటప్పుడు వెనక ఒకరు తోస్తారు కదన్నా. ఈడ నేను తోస్తాను. కేకెయ్యండి," అన్నాను.

"పొద్దంతానా?" అన్నాడు కాళిముత్తు.

"పొద్దంతా."

"మరి వంట?"

"మాడితే మాడనీ."

ఆదివారం ఎవరూ గడ్డపార తేలేదు.

ఇప్పుడు కేక వినబడితే చేతి మసి కొంగుకు తుడుచుకుని లేస్తాను. మూటకు భుజం ఆనిస్తాను. మిరప ఘాటుకు కళ్లు మండతాయి. నిన్న శెట్టి కొడుకు మా వెనక చిక్కుకుని హారన్ కొట్టినాడు.

"కొంచెం పక్కకు అక్కా."

"దిగి నువ్వూ ఒక చెయ్యి వెయ్యి నాయనా, బిన్నా దాటుతాది, నీకూ ఆలస్యం కాదు."

వాడు దిగలేదు. ఇంజను ఆపి కూర్చున్నాడు. బండి మిట్ట దిగినాక అలవాటుగా అరుగు వైపు చూసినాను. కన్యక స్తంభం పట్టుకుని గిరగిరా తిరుగుతా ఉంది.