విండో మూసినా పోని చీటీ

తప్పు మీదే, వెబ్‌సైటు పెద్దలారా. ఆ కంప్యూటరు ముందు రోజుకు ఎంతమంది కూర్చుంటారో కనుక్కోకుండా ఏడు రోజుల గడువుతో నన్ను అందులో పడేసింది మీరు. ‘ఒప్పుకుంటున్నాను’ అనే బటన్‌ని అరచేయంత చేసి, ‘వద్దు’ని చీమ తలకాయంత చేసి మూలన దాచిందీ మీరే.

నేను ఒక కుకీని. నోరూరించుకోకండి, తినేదాన్ని కాను. కొన్ని అక్షరాలు, అంకెలు రాసిన చీటీని. వెబ్‌సైటుకు మతిమరుపు. పేజీ తిప్పిన ప్రతిసారీ ‘నువ్వెవరు?’ అంటుంది. మీరు ఒక్కసారి పాస్‌వర్డ్ చెబితే నన్ను రాసి మీ బ్రౌజర్‌లో పెడుతుంది. ఆ తర్వాత బ్రౌజర్ నన్ను చూపిస్తే చాలు. సైకిల్ స్టాండు టోకెన్ అనుకోండి. టోకెన్ తెచ్చినవాడిదే సైకిల్. మొహం చూసేవాడు లేడు.

నేను పుట్టింది జమ్మికుంటలో, ఓదెలు నెట్ సెంటర్లో. అంబిక అనే అమ్మాయి అడ్మిషన్ల సైటులో నర్సింగు కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవడానికి వచ్చింది. వాళ్లమ్మకు వారానికి రెండుసార్లు కరీంనగర్‌లో డయాలసిస్. అందుకే మొదట కరీంనగర్ కాలేజీ పెట్టుకుంది.

ఓదెలు చెడ్డవాడు కాదు. పని కాగానే విండో మూసేసి, అంతా పోయిందనుకుంటాడు. తలుపు దగ్గరికి వేస్తే ఇంట్లో మనిషి మాయమవుతాడా?

గంట తర్వాత కొమురయ్య తన కూతురి ఆప్షన్ల కాగితంతో వచ్చాడు. ఓదెలు అదే సైటు తెరిచాడు. బ్రౌజర్ నన్ను చూపించింది, సైటు పాస్‌వర్డ్ అడగనే లేదు. రోజూ సతాయించే సైటు అంత సుళువుగా తెరుచుకునేసరికి ఓదెలు మురిసిపోయాడు.

“ఇయ్యాల సైటు మన మాట ఇంటున్నదే,” అన్నాడు.

పైన మూలన అంబిక పేరుంది. చూడలేదు. ఆమె పెట్టుకున్నవి కొమురయ్య కూతురు ముందు పెట్టుకున్నవేననుకుని తీసేసి, వరంగల్ కాలేజీలు నింపి సేవ్ కొట్టాడు. నేనేం చేశానంటారా? నా పని నేను చేశాను. మీ ఆఫీసుల్లోనూ ఈ మాట వినే ఉంటారు.

ఆప్షన్లకు మర్నాడు సాయంత్రం అయిదుకు గడువు. నాలుగుంపావుకు అంబిక రొప్పుతూ వచ్చింది. ఫోన్లో చూసుకుంటే వరంగల్ మొదట ఉందట, మార్చబోతే ఫోన్లో కుదరలేదట. నువ్వే ఏదో తప్పు నొక్కి ఉంటావని గొణుగుతూ ఓదెలు సైటు తెరిచాడు. నేరుగా ఆమె పేరుతో తెరుచుకుంది.

అంబిక తెర వైపే చూస్తూ అంది: “ఓదెలన్నా, నేనింకా పాస్‌వర్డ్ కొట్టనే లేదు. లోపల నేనెట్లున్న?”

ఆమే కీబోర్డు లాక్కుని కరీంనగర్‌ను మళ్లీ పైకి పెట్టి సేవ్ చేసింది. అప్పుడు చెప్పాడు ఓదెలు, నిన్న ఆమె తర్వాత కొమురయ్య తన కూతురి కోసం వచ్చాడని.

“మరి ఆ పిల్ల ఆప్షన్లు ఏడున్నయి?”

ఎక్కడా లేవు. ఓదెలు గబగబా ఫోన్ కలిపాడు. కొమురయ్య కూతురు పాస్‌వర్డ్ చదివి చెబుతోంది. టైపు చేద్దామంటే చోటేది? నేనున్నంతసేపూ ఇక్కడ అంబికే కూర్చుని ఉన్నట్టు. ఆ పిల్లకు తలుపు తెరుచుకోదు. ఇంకా ఇరవై అయిదు నిమిషాలే ఉన్నాయి.

అంబిక నన్ను చెరిపేసే లాగవుట్ బటన్ కోసం వెతుకుతోంది. దాన్నీ చీమ తలకాయంతే చేశారు. పెద్దలారా, దాన్ని అరచేయంత చెయ్యండి, ఇవాళే. నలుగురు వాడే కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లారా, విండో మూసి లేచిపోకండి, నన్ను చంపి లేవండి.

దొరికిందా, అంబికా? నొక్కు.