చిలక ముక్కు విరిగిన సింహద్వారం

నేను ఒక సింహద్వారాన్ని. రెండు రెక్కలు, కింద గడప, పైకమ్మీ మీద ఎదురెదురుగా రెండు చిలకలు. పుట్టుకతో బర్మా టేకును. నా స్వభావం ముందే చెప్పేస్తాను, తరవాత ఏమీ అనుకోకండి. నాకు ఎవరిమీదా నమ్మకం లేదు. తలుపుగా పుట్టినదానికి అనుమానమే వృత్తి. వచ్చినవాణ్ణి వచ్చినట్టు నమ్మేయడానికయితే నన్ను చేయించడం దేనికి? గోడకు కంత వదిలేసి ఊరుకోవచ్చు కదా! నా కథ మీకెందుకు కావలసి వచ్చిందో కూడా నాకింకా తేలలేదు. సరే, వినండి.

నన్ను చేయించినావిడ పైడిమర్రి కామేశ్వరమ్మ గారు. బందరు మనిషి. చిన్న వయసులోనే భర్త పోతే, తన వాటాకు వచ్చిన స్థలంలో ఇల్లు కట్టించి, పగటిపూట తలుపేసుకుని ఆడపిల్లలకు చదువు చెప్పేవారు. ఊరికి ఆ తలుపేసుకోవడమే పెద్ద అనుమానం. లోపల ఏం జరుగుతోందో అని దారినపోయే ప్రతివాడూ నాకు చెవి ఆనించేవాడు. లోపల జరిగేవి ఎక్కాలు, గుణింతాలు, మధ్యమధ్య ఇద్దరు పిల్లల జుట్టుపట్లు. ఒకరోజు ఆవిడ మరిది వచ్చి, "వదినా! తలుపు తియ్యి. మా ఇంటి పరువు బజార్న పెడుతున్నావు" అని అరిచి, చేతికర్ర ఎత్తి కొట్టాడు. ఎడమ చిలక ముక్కు ఎగిరిపోయింది. నేను గడియ వదల్లేదు. లోపల పిల్లలు ఎక్కం ఆపలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ గర్వంగానే ఉంటుంది. ఆ తరవాత కొన్నాళ్ళకు పిల్లలందరినీ నా ముందు నిలబెట్టి ఆవిడ ఒక ఫొటో తీయించారు. ముక్కు లేని చిలక కూడా అందులో పడింది.

ఆవిడ పోయాక ఇల్లు తమ్ముడి కొడుకు చేతికొచ్చింది. అతను దాన్ని ఒక పొగాకు వ్యాపారికి గోడౌనుగా అద్దెకిచ్చాడు. ఆ వ్యాపారి నాకు రెండు తాళాలు వేసి, వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి వాటిని లాగి చూసుకునేవాడు. నాకన్నా అనుమానస్థుణ్ణి చూసింది ఆ ఒక్కసారే. చివరికి పెద్ద తుఫాను వచ్చి ఇంటిని నేలమట్టం చేసింది. అటూ ఇటూ గోడల్లేవు, మధ్యలో నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను. అయినా చూడవచ్చిన జనం పక్కనుంచి రాకుండా నాలోంచే లోపలికి వచ్చారు. మనుషుల అలవాట్లు అంత గట్టివి.

తమ్ముడి కొడుకు నన్ను పాత కలప అడితికి అమ్మేశాడు. అక్కడ నన్ను చూసి ముచ్చటపడనివాళ్ళు లేరు, కొన్నవాళ్ళూ లేరు. "ఎవరింటిదండీ?" అని అడగడం, కూలిన ఇంటిదని తెలియగానే ఒక అడుగు వెనక్కి వేయడం. పాత ఇంటి కలప కొత్త ఇంటి సింహద్వారానికి పనికిరాదని వాస్తు చెబుతుందట. కడకు ఏసుపాదం అని పడవలు చేసే వడ్రంగి వచ్చాడు. నా చుట్టూ తిరిగి, వేలితో తట్టి చూసి, "కూలింది ఇల్లుగానీ తలుపు కాదుగా" అని నన్ను బండెక్కించాడు. ఊరికి ఆ చివర చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు కట్టుకుని దానికి నన్ను బిగించాడు. చిన్న ఇంటికి పెద్ద తలుపునయ్యాను. కొన్నాళ్ళు సిగ్గుగా ఉండేది.

ఏసుపాదం కూతురు రూతమ్మ. తండ్రి పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉండి, గడప పక్కనే కుట్టుమిషను వేసుకుని బతికింది. నా రెక్కలు తెరిస్తే పడే వెలుతురే ఆమె దీపం. జాకెట్లు, స్కూలు యూనిఫారాలు, క్రిస్మస్‌కి పాటలబృందం గౌన్లు అన్నీ ఆ వెలుతురులోనే తయారయ్యాయి. "పెద్ద తలుపు రూతమ్మ" అంటే ఆ చుట్టుపక్కల తెలియనివారు లేరు.

రోడ్డు వెడల్పు చేస్తామని మున్సిపాలిటీవాళ్ళు వచ్చి గోడ మీద ఎర్రగీత గీసి వెళ్ళారు. గీత ఇంటికి నడిమధ్యన పడింది. అప్పటినుంచి చేతిలో టేపు పట్టుకున్న మనిషి కనబడితే చాలు, రూతమ్మ నా గడియ వేసేసేది. సరిగ్గా ఆ రోజుల్లోనే దిగారు గోపాలం మాస్టారు, టేపుతో సహా.

గోపాలం గారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనాయన. కామేశ్వరమ్మ గారి ఇల్లు ఎక్కడుండేదో, ఆవిడ తరవాత ఎవరెవరి చేతులు మారిందో కనిపెట్టాలని ఊరంతా గాలిస్తున్నారు. సంచిలోంచి ఆ పాత ఫొటో తీసి, ఒకసారి దానికేసి, ఒకసారి నాకేసి చూశారు. ముక్కు విరిగిన చిలక దగ్గర ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. నేను మాత్రం కరగలేదు.

"అమ్మా, ఈ ఇల్లు మీ నాన్నగారు ఎవరి దగ్గర కొన్నారు?"

"కొనడమేంటండీ? మా నాన్నే కట్టుకున్నాడు. తలుపొక్కటే అడితిలో తెచ్చాడు."

మాస్టారు నవ్వారు. "పాత కలపతో సింహద్వారం ఎవరు పెడతారమ్మా? మా ఇళ్ళలో వంటింటి కిటికీకి కూడా వాడరు. తలుపు ఇక్కడుందంటే ఇల్లూ ఇదే. నీదగ్గర్నుంచి ఎవరూ ఏమీ లాక్కోరు, నిజం చెప్పు."

నిజమే చెప్పిందని నేను అరవబోయాను. నాకు చేతనైన అరుపల్లా కీచుమనడమే. ఆయన వెళ్ళాక పక్కింటి వీరమణి వచ్చి మిషను దగ్గర చతికిలబడింది.

"అక్కా, నీకేమైనా పిచ్చా? చరిత్రున్న ఇల్లయితే రోడ్డుక్కూడా పడగొట్టరంట. ఆయన అదే అంటుంటే కాదు కాదంటావేంటి?"

"అబద్ధం ఆడమంటావా?"

"నిన్నెవరు ఆడమన్నారు? ఆయనాడే అబద్ధానికి అడ్డు రామాకంటున్నా!"

మర్నాడు మాస్టారు మళ్ళీ వచ్చారు. రూతమ్మ తల వంచుకుని, "మీరన్నదే నిజమేమోలెండి. అప్పటికి నేను చిన్నపిల్లని" అంది. దారం లేని మిషన్ని ఊరికే తొక్కుతోందని నాకు తెలిసింది. మాస్టారికీ తెలిసింది. నిన్న కాదన్నది ఇవాళ ఔనంటోందేమిటని అప్పుడు మొదలైంది ఆయనకు అసలైన అనుమానం. నిజం చెప్పినరోజున నమ్మని మనిషి, ఔనన్నరోజున నమ్మడం మానేశాడు. నేను ఇన్నాళ్ళూ అనుమానం నా సొత్తనుకున్నాను, చదువుకున్నవాళ్ళ ముందు నాదెంత!

"గడప కింద చూద్దాం" అన్నారాయన. "కామేశ్వరమ్మ గారు ద్వారబంధం ఎత్తినప్పుడు పంచలోహం, నవరత్నాలు వేయకుండా ఉండరు."

కింద ఏముందో నాకు తెలుసు. తవ్వారు. పంచలోహం లేదు, రత్నాలూ లేవు. పడవ మేకులు రెండు అడ్డంగా కలిపి చేసిన చిన్న ఇనప సిలువ బయటపడింది. ఏసుపాదం పాస్టరు గారిచేత ప్రార్థన చేయించి, తన చేత్తో పెట్టుకున్నది. రూతమ్మ దాన్ని చటుక్కున తీసుకుని కొంగులో దాచుకుంది. "నాన్న పెట్టింది" అంటూ ఏడ్చింది.

మాస్టారు చెడ్డమనిషి కాదు. "నువ్వు మొదట చెప్పిందే నిజమన్నమాట. నేనే వినలేదు" అన్నారు. ఆ తరవాత తన నిజం తాను రాసుకున్నారు: ఇల్లు అసలుది కాదు, తలుపు మాత్రం అసలుదే. ఇంటిని పడగొట్టవద్దని మున్సిపాలిటీకి రాయడానికి ఇక ఆయన దగ్గర కారణం లేదు. తలుపును కాపాడటానికి మాత్రం బోలెడు కారణాలున్నాయి. రోడ్డు పని మొదలయ్యే ముందే నన్ను ఊడదీసి, దుప్పట్లు చుట్టి, పెళ్ళికూతుర్ని ఎక్కించినంత జాగ్రత్తగా వ్యాన్ ఎక్కించారు. రూతమ్మ మిషనును మాత్రం వీరమణి కొడుకు సైకిలు వెనక కట్టి తీసుకెళ్ళాడు.

ఇప్పుడు నేను మ్యూజియంలో గోడకు ఆనుకుని ఉన్నాను. నా వెనక గది లేదు, ముందు వీధి లేదు. తట్టేవారు లేరు కనక అనుమానించే పనీ లేదు. నా పక్కన ఒక పలక: 'కామేశ్వరమ్మ గారి ఇంటి సింహద్వారం. ఆ తరవాత ఎవరి వద్ద ఉన్నదీ వివరాలు తెలియవు.' సిలువ సంగతి రాస్తే జనం గందరగోళపడతారని మాస్టారు పెట్టలేదట.

మొన్న రూతమ్మ టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది. ఇప్పుడు ఎక్కడో మేడమీద గదిలో పగలు కూడా లైటేసుకుని కుడుతోందట, కళ్ళజోడు వచ్చింది. పలక మెల్లగా కూడబలుక్కుని చదివింది.

"తెలియకపోడమేంటి బాబూ? మా నాన్న దగ్గరుంది, తరవాత నా దగ్గరుంది. రాయించవా?" అని కాపలావాణ్ణి అడిగింది.

"అట్టాంటివి ఆఫీసులో చెప్పుకోవాలమ్మా. కాస్త దూరంగా నిలబడండి, చెయ్యి వెయ్యకూడదు" అన్నాడతను, ఆమె సంచికేసి అనుమానంగా చూస్తూ.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కాసేపు నిలబడి, వెళదామని తిరిగింది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, ఊరెళ్ళేముందు ఎవరైనా చేసినట్టే, నా రెక్క పట్టుకుని దగ్గరికి వేయబోయింది. నన్ను మేకులతో గోడకు బిగించేశారు. ఆమె లాగింది, నేను కదలలేకపోయాను.