మాది కాదన్న పెట్టె

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. కూరగాయల బండి దగ్గర గానీ, బస్సులో గానీ, ఆసుపత్రి వరసలో గానీ ఎవరైనా ఒక మాట అంటే అక్క నా వెనక్కి వెళ్ళి నిల్చుంటుంది. నేను ముందుకెళ్ళి నాలుగు మాటలంటాను. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరి మధ్యా అదే ఒప్పందం. ఆ రోజు విమానాశ్రయంలో సామాన్ల హాల్లోకి కూడా నేనే ముందు నడిచాను.

"ఇవాళ వాళ్ళ అంతు చూస్తాను" అన్నాను.

"ముందు పెట్టె చూడవే తల్లీ" అంది అక్క, తలకు కట్టుకున్న గుడ్డ సర్దుకుంటూ.

సంగతేమిటంటే, కంప్యూటర్లు మొరాయించాయని విమానాలన్నీ ఎక్కడివక్కడ రద్దు చేసేశారు. మమ్మల్ని సగం దారిలో దింపేసి, పెట్టె మాత్రం తమ దగ్గరే పెట్టుకుని, "మీరు వెళ్ళండి, అది వెనకే వస్తుంది" అన్నారు. మేం బస్సెక్కి ఒళ్ళు హూనం చేసుకుని వచ్చాం. పెట్టె రాలేదు. అక్క కూతురు చదువుకునే ఊరు ఇదే. చిన్నప్పుడు గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెప్పేదని దాన్ని పిచ్చుక అని పిలుస్తాం. మరునాడు పొద్దున దాని కాలేజీలో పట్టాలిచ్చే సభ. తల్లి వచ్చి ముందు వరసలో కూర్చోవాలని అది ఏడాదిగా చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. అలాంటి దానికి మేం ఊళ్ళోకి దిగామని కూడా చెప్పలేదు. "ఇంకా దారిలోనే ఉన్నామమ్మా, విమానాల గొడవ తెలుసుగా" అని ఫోన్లో అబద్ధమాడి, బస్టాండు పక్క లాడ్జిలో కిటికీ తెరలు వేసుకుని దొంగల్లా కూర్చున్నాం.

ఎందుకంటే, ఆ పెట్టెలో అక్క జుట్టుంది.

అక్కకి పెద్ద జబ్బు చేసి తగ్గింది. మందులకు తల మీద ఒక్క వెంట్రుక మిగల్లేదు. పిచ్చుకకి ఇదేమీ తెలియదు. ఆఖరి పరీక్షలు, చదువు పాడవుతుంది, చెప్పొద్దు అని పట్టుబట్టింది నేను. అక్క రెండు మూడుసార్లు "చెప్పేద్దామే, నాకు దాన్ని చూడాలనుంది" అంది. నేను ఒంటికాలి మీద లేచాను. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

నేను నాటకాల వాళ్ళకి విగ్గులు కడతాను. మందులు మొదలుకాక ముందే అక్క జడ నేనే కోసి దాచాను. పలచటి వల టోపీ మీద కొక్కెం సూదితో వెంట్రుక వెంట్రుకా ముడి వేసి, పాపిటి దగ్గర నెరిసినవి నెరిసినట్టే పెట్టి, అక్క జుట్టు మళ్ళీ అక్కకే కట్టాను. నేను కట్టిన వాటన్నిటిలోకీ అదే బాగా కుదిరింది. దాన్ని గుండ్రటి అట్ట డబ్బాలో పెట్టి, డబ్బా పెద్ద పెట్టెలో పెట్టాను. చేతిసంచిలో తెచ్చుకుంటే తనిఖీ దగ్గర తీసి నలుగురిలో పైకెత్తి చూస్తారేమోనని నా భయం. అక్కకి ఏ భయమూ లేదు. "ఒళ్ళో పెట్టుకుంటానే" అంది. నేనే వినలేదు.

హాల్లో అడుగు పెట్టాం. ఎటు చూసినా పెట్టెలే. గోడల వారగా, స్తంభాల చుట్టూ, నడిచే దారిలో గుట్టలు గుట్టలుగా పడేశారు. చాలావాటికి చీటీలు ఊడిపోయాయి. నల్లపెట్టెలు కొల్లలు, మాదీ నల్లదే. జనం ఒకరి మీద ఒకరు వంగి తిప్పి తిప్పి చూస్తున్నారు. మధ్యలో ఒక బల్ల వేసుకుని కౌంటరాయన నిల్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా నలిగిపోయింది. మామూలుగా అయితే జాలిపడాల్సిన మనిషి. నాకా ఓపిక ఎక్కడిది!

"మా పెట్టె ఏదండీ? ఇదేమైనా సంతా? మనుషుల్ని ఒక ఊళ్ళో, సామాన్లని ఒక ఊళ్ళో పారేయడానికి మీకు సిగ్గుగా లేదూ?" అని మొదలుపెట్టాను.

ఆయన అంతా విన్నాడు. "ఉందమ్మా సిగ్గు. పెట్టెలో ఏమున్నాయో చెప్పండి."

"బట్టలు."

"అందరివీ బట్టలేనమ్మా. ఇంకెవరి పెట్టెలోనూ లేనిది ఒక్కటి చెప్పండి. తెరిచి చూసి ఇచ్చేస్తాను."

నా వెనక వరసలో ఇరవై మంది ఉంటారు. గొడుగు పట్టుకున్న ఒక పెద్దావిడైతే నా భుజం మీదుగా తల పెట్టి మరీ వింటోంది.

"మామూలు బట్టలేనండీ. చీరలు, తువ్వాళ్ళు. ఇంకేముంటాయి?"

అక్క నా మోచేయి పట్టుకుంది. "చెప్పవే."

"నువ్వు ఊరుకో" అన్నాను.

అయితే పక్కకి నిల్చోండి, తెరుస్తూ పోతాను, ఎవరిది వస్తే వాళ్ళు చెప్పండి అన్నాడాయన. అలాగే ఒక్కొక్కటీ తెరిచి పైన ఉన్న వస్తువు పట్టుకుని కేకేయడం మొదలుపెట్టాడు. "పిల్లాడి ఊలు టోపీ, ఆకుపచ్చ!" ఒకావిడ పరిగెత్తింది. "చెప్పుల జత, ఎడంది తెగింది!" ఒకాయన చెయ్యెత్తాడు. జనానికి సరదాగానే ఉంది. అలసిపోయిన వాళ్ళకి నవ్వు తొందరగా వస్తుంది. ఎవరిదో పళ్ళ సెట్టు బయటపడితే హాలంతా గొల్లుమంది, ఆ పెద్దమనిషి బోసినోటితో నవ్వుతూ వచ్చి తీసుకున్నాడు. నేనూ నవ్వాను. నిజం, నేనూ నవ్వాను.

తర్వాత ఆయన చేతిలోకి మా అట్ట డబ్బా వచ్చింది.

మూత మీద పెద్ద అక్షరాలతో నా చేతిరాత. మా పనిలో డబ్బా మీద మనిషి పేరు రాయం, వేషం పేరు రాస్తాం. వేసే వాళ్ళు మారతారు, వేషం మారదు కదా. రాయని డబ్బా నా విగ్గుల కొట్లో ఉంటే పనమ్మాయి దేనితోనో కలిపేస్తుంది. పోనీ అక్క పేరు రాద్దామంటే, జబ్బు సంగతి కొట్లో వాళ్ళకి కూడా దాచానాయె. అందుకని చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది. ప్రయాణం హడావుడిలో చెరపడం మరిచాను.

"తల్లి వేషం!" అని చదివాడాయన. మూత తీసి విగ్గు పైకెత్తాడు. "నాటకాల వాళ్ళెవరండీ? తల్లి వేషం ఎవరిది?"

మళ్ళీ గొల్లుమన్నారు. "పాపం, తల్లి గుండుతో తిరుగుతోంది కాబోలు!" అన్నాడెవడో కుర్రాడు. ఇంకా నవ్వులు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎన్ని చోట్ల ఎంతమందిని దులిపి వదిలిన నోరో అది! ఆ కుర్రాడిని ఒక్క మాటతో నోరు మూయించగలను. మాట రాలేదు. గొడుగావిడ నా వైపూ, అక్క తలగుడ్డ వైపూ చూసి గొంతు తగ్గించి, "మీదేమోనమ్మా?" అంది. ఆవిడ జాలిగానే అడిగింది.

"ఛ! మాదెందుకవుతుందండీ" అన్నాను.

అక్క పక్కనే ఉంది. నా మోచేతి మీద దాని చెయ్యి ఇంకా అలాగే ఉంది. మెల్లిగా తీసేసింది.

తీసేసి, నన్ను దాటుకుని ముందుకు నడిచింది. జన్మలో మొదటిసారి అది నా ముందు, నేను దాని వెనక. బల్ల దగ్గరికి వెళ్ళి తలగుడ్డ విప్పి మడత పెట్టింది. ఆ గుండు మీద హాల్లో దీపాలన్నీ పడ్డాయి.

"నాదే బాబూ. నా జుట్టే అది. మా చెల్లెలు కట్టింది" అంది.

కౌంటరాయన గబుక్కున విగ్గుని రెండు చేతులతో డబ్బాలో పెట్టాడు. "క్షమించండమ్మా... నాకు తెలియక..." అన్నాడు. "నీ తప్పేముంది నాయనా, మేం చెప్పాం కాదు" అంది అక్క. చెప్పనిది ఎవరో చెప్పలేదు.

ఆయన రాసిచ్చిన స్లిప్పు తీసుకుని, పెట్టె లాక్కుని గోడవారకి వచ్చాం. నేను డబ్బా పట్టుకున్నాను. క్షమించమని అడగాలి. పగలంతా వాగే నేను ఆ ఒక్క మాటా అనకుండా డబ్బా మూత సర్దుతున్నాను. అక్క పెట్టె మీద కూర్చుంది.

"నా జుట్టుని కాదన్నావు సరే. రేపు ఆ సభలో ఎవరైనా అడిగితే నన్ను కూడా కాదంటావేమే?"

కోపంగా అని ఉంటే బాగుండేది. నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది.

అక్క ఫోన్ తీసింది. "పిచ్చుకా, ఊళ్ళోనే ఉన్నామే. ఎయిర్‌పోర్టులో. రా. వచ్చి అమ్మని చూసి భయపడకు, తగ్గిపోయింది." అంతే చెప్పింది. నేను నెలల తరబడి దాచిన సంగతి చెప్పడానికి అక్కకి అంతకంటే ఎక్కువ మాటలు అవసరం కాలేదు.

పిల్ల ఆటో దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. తల్లిని చూసి ఆగిపోయింది. దగ్గరికి వచ్చి, అరచేత్తో ఆ తల నిమిరి, అక్కడే ముద్దు పెట్టుకుని భోరుమంది. ఇద్దరూ ఏడ్చారు, మధ్యలో నవ్వారు కూడా. నేను పక్కన స్తంభంలా నిల్చున్నాను. కాసేపటికి అది ముక్కు చీదుకుని నా వైపు తిరిగింది.

"నువ్వైనా చెప్పలేదేం పిన్నీ? నేనంత పరాయిదాన్నా? ఎవరు చెప్పొద్దన్నారు?"

నేను నోరు తెరిచేలోపు అక్క అందుకుంది. "నేనే చెప్పొద్దన్నానే. దాన్నేమీ అనకు. రాత్రింబవళ్ళు నాకు సేవ చేసింది, అది లేకపోతే నేను లేను."

పిచ్చుక వచ్చి నన్ను వాటేసుకుంది. "థాంక్స్ పిన్నీ" అంది, నా భుజం తడిపేస్తూ. డబ్బా మా ఇద్దరి మధ్య నలిగింది. కాదు, దాచింది నేనే అని అప్పుడైనా అనాలి. నా నోరు మంచిది కాదని ఇంట్లో అంటారు గానీ, అది ఎంత చెడ్డదో ఎవరికీ తెలియదు. అవసరమైనప్పుడు మూసుకుంటుంది.

తల్లీ కూతుళ్ళు చేతులు పట్టుకుని ముందు నడిచారు. పెట్టె పిల్ల లాక్కెళ్ళింది. అక్క గుడ్డ కట్టుకోలేదు. దారిలో జనం చూస్తున్నారు, చూడనీ అన్నట్టు నడిచింది. నేను డబ్బాతో వెనక. బయటికి వెళ్ళే తలుపు దగ్గర కాపలా మనిషి వాళ్ళని వదిలి, నన్ను ఆపాడు.

"ఏంటమ్మా అది?"

వెనక వరస ఉంది. వాళ్ళందరూ వింటున్నారు. నేను డబ్బా మూత తీసి చూపించాను.

"మా అక్క జుట్టు" అన్నాను. గట్టిగానే అన్నాను. "జబ్బు మందులకి రాలిపోతుందని ముందే కోశాను. నేనే కట్టాను. జబ్బు సంగతి దాచమన్నది కూడా నేనే. అక్క కాదు, నేను."

కాపలా మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. "అదంతా నాకెందుకమ్మా? సామాను తీసుకున్నట్టు స్లిప్పుందా లేదా?"

స్లిప్పు పిచ్చుక దగ్గరుంది. అద్దం తలుపు అవతల వాళ్ళిద్దరూ కారు కోసం చెయ్యి ఊపుతున్నారు. నేనన్నది ఒక్క ముక్క కూడా వాళ్ళకి వినపడలేదు. అక్క వెనక్కి తిరిగి, నేను రాలేదని చూసి, తలుపు దగ్గరికి వచ్చి తొంగి చూసింది.

"మా చెల్లెలేనండీ, వదలండి" అంది కాపలా మనిషితో.