వినీల ముక్కుకు పరీక్ష

సూళ్లూరుపేట దాటాక హైవే పక్కనున్న ఆ విస్కీ ఫ్యాక్టరీలో టేస్టింగ్ గది కిటికీలు ఎప్పుడూ తెరవరు. తెరిస్తే పులికాట్ సరస్సు వైపు నుంచి ఎండుచేపల వాసన లోపలికొస్తుంది, దాని ముందు ఏ విస్కీ నిలుస్తుంది? ఆ శుక్రవారం పొద్దున, ఆ మూసిన గదిలో, వినీల తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేల్చుకోవడానికి కూర్చుంది.

పోయిన వానాకాలంలో జ్వరం వచ్చింది. పోతూ పోతూ ఆమెకు వాసన తెలియకుండా చేసి పోయింది. కొన్నాళ్లకు తెలియడం మొదలైంది కానీ అది అంతకన్నా నరకం. చేపల పులుసు, సబ్బు, మల్లెపూలు, ఏది ముక్కు దగ్గర పెట్టినా కాలిన రబ్బరు వాసనే. వాసన చూసి బతికే మనిషికి ఇంతకన్నా శిక్ష ఉందా? ఈ వేసవికి ఆ పీడ వదిలిందని ఆమె అనుకుంది. అనుకుంటే చాలదన్నాడు విస్కీల పాళ్లు కలిపే చీఫ్ బ్లెండర్ పద్మనాభయ్య.

"నువ్వు నమ్మితే సరిపోదు, నేను నమ్మాల. గ్లాసుల వాసన చూసి సరిగ్గా చెప్పినావంటే నీ కుర్చీ నీదే. లేదంటే బాట్లింగ్ సెక్షన్‌కి పోతావు. నామీద కోపం పెట్టుకోబాకమ్మా," అన్నాడు. చెడ్డవాడు కాడు. మొహమాటం మాత్రం ఆయన ఒంట్లో మచ్చుకైనా లేదు.

బల్ల మీద నాలుగు గ్లాసుల్లో జపాన్ విస్కీ. అందులో ఒకటి ఆ దేశపు ఓక్ చెట్టు చెక్కతో, మిజునారా అంటారట, చేసిన పీపాలో ఏళ్ల తరబడి ఊరింది. మిగతా మూడూ మామూలు పీపాలవి. ఏది ఎందులో ఉందో, పోసిన పద్మనాభయ్యకే తెలుసు. ఆ మిజునారా గ్లాసు ఏదో వాసనతో పట్టుకోవడమే పరీక్ష. పక్కన ఐదో గ్లాసులో నోరు పుక్కిలించడానికి ఉత్త నీళ్లు. ఆ చెక్క విస్కీకి గంధం వాసన, గుళ్లో ధూపం వాసన వస్తుందని ఆయన వారం నుంచి అందరికీ చెబుతూనే ఉన్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు కూడా ఆ సంగతి తెలుసు.

వినీల పక్కన సుకుమార్ కూర్చున్నాడు. చెన్నైలో ఈ విద్యకు కోర్సు చేసి వచ్చినవాడు. ఆమె కుర్చీ ఖాళీ అయితే అది అతనికే వస్తుంది.

వినీల మొదటి గ్లాసు ఎత్తింది. సాంబ్రాణి! ప్రాణం లేచి వచ్చినట్టయింది. దొరికేసిందన్న సంతోషంలో రెండోది ఎత్తింది. సాంబ్రాణే. మూడోదీ అంతే. నాలుగోదీ ఎత్తి చూసింది.

అన్నిట్లోనూ ఒకటే వాసన. రబ్బరు పోయి సాంబ్రాణి వచ్చిందంతే, రోగం ఎక్కడికీ పోలేదు.

"రెండోది సార్," అన్నాడు, తనూ అవే గ్లాసులు వాసన చూసిన సుకుమార్, ధీమాగా. "ధూపం గుప్పుమంటా ఉంది. పక్క గ్లాసుల్లోకి కూడా కొట్టేస్తా ఉంది, అంత ఘాటు."

పద్మనాభయ్య వినీల వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా," అన్నాడు.

తనూ రెండోదే అంటే గండం గడుస్తుంది. కానీ రేపు, ఎల్లుండి, పక్కన సుకుమార్ లేని రోజున ఏం చేస్తుంది? ఓ గుక్క తాగుదామని వినీల నీళ్ల గ్లాసు అందుకుంది. పెదవుల దాకా వచ్చింది, అందులోనూ సాంబ్రాణి! నీళ్లకు వాసన ఏమిటి? ఇక ఆశ వదులుకుంది. తాగకుండానే గ్లాసు కింద పెట్టేసింది.

"నాకు అన్నిట్లోనూ సాంబ్రాణే వస్తా ఉంది సార్. ఆ నీళ్లల్లో కూడా. నా ముక్కు బాగుపడలేదు. బాట్లింగ్‌కే పోతాను," అంది. ఏడుపు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంది.

"నీళ్లల్లో ఏందమ్మా," అంటూ పద్మనాభయ్య జాలిగా ఆ గ్లాసు తీసుకుని వాసన చూశాడు. నొసలు ముడిపడింది. మళ్లీ చూశాడు. లేచి వెళ్లి అలమరలోంచి ఖాళీ గ్లాసు తీసి అదీ చూశాడు.

"అంకాలమ్మా!" అని కేకపెట్టాడు.

గది ఊడ్చి గ్లాసులు కడిగే అంకాలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"గ్లాసుల్ని ఏం చేసినావు?"

"కడిగినా సార్. శుక్రవారం గదా, దూరదేశం సరుకు తొలిసారి పోస్తా ఉండారని సాంబ్రాణి పొగ మీద బోర్లించి పట్టినా. మా ఇళ్లల్లో కొత్త నీళ్లకుండకి అట్టనే చేస్తాం. ఏం సార్, తప్పా?"

పద్మనాభయ్య సుకుమార్ వైపు చూశాడు. సుకుమార్ పైకప్పు వైపు చూశాడు. చెన్నై కోర్సులో నీళ్ల గ్లాసు పాఠం చెప్పలేదు కాబోలు.

గ్లాసుల్ని వేడినీళ్లతో పదేపదే కడిగించి, పద్మనాభయ్య వరస మార్చి మళ్లీ పోశాడు. వినీలకు ఇప్పుడు మునుపటికన్నా భయం వేసింది. ఇందాకటి తప్పు పొగది. ఈసారి తప్పితే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

మొదటి గ్లాసులో వెనీలా బిస్కెట్. రెండోదాంట్లో ఎండుద్రాక్ష. మూడోదాంట్లో ఏమీ రాలేదు. నాలుగోదాంట్లో మిరియాల ఘాటు. మళ్లీ మూడోదాని దగ్గరికొచ్చింది. మళ్లీ ఏమీ లేదు. రెండు చుక్కలు నీళ్లు వేసి, అరచెయ్యి మూతపెట్టి కళ్లు మూసుకుంది. చెమట చెంపల మీదుగా కారుతున్నా ఆమె తుడుచుకోలేదు.

చెయ్యి తీసింది. నెమ్మదిగా, భయపడుతూ వచ్చినట్టు వచ్చింది వాసన. ఓ గుక్క నోట్లో వేసుకుని చూసుకుంది.

"మూడోది సార్. ఎండుకొబ్బరి. దాని వెనక సానమీద అరగదీసిన గంధం, కొంచెమే. ధూపం మాత్రం నాకు రాలేదు."

పద్మనాభయ్య మూడో గ్లాసు తీసుకుని తనూ వాసన చూశాడు. తర్వాత, "మూడోదే. ఇంక ఆ కుర్చీ అంచున కూర్చోబాకమ్మా, పడతావు," అన్నాడు.

బయట కొళాయి దగ్గర, తన వల్లే అంతా చెడిందని అంకాలమ్మ కళ్లొత్తుకుంటోంది. వినీల వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుని ముఖానికి ఆనించుకుంది. ముందు సాంబ్రాణి వచ్చింది. దాని కింద గిన్నెల సబ్బు. ఎంత తోమినా వదలకుండా, అన్నిటికన్నా అడుగున, చేప. మూడూ విడివిడిగా తెలిశాయి.

"పొద్దున మెత్తళ్లు కడిగినావా అక్కా?"

"అవును పాపా. కంపు కొడతా ఉందా?" అంటూ అంకాలమ్మ సిగ్గుపడి చేతులు వెనక్కి లాక్కోబోయింది.

వినీల వదల్లేదు. "కొడతా ఉందక్కా. కొట్టనీ," అని, ఆ చేతుల్లోనే ముఖం దాచుకుని ఏడ్చింది.