బుగ్గల మేస్త్రి

గాజు కార్ఖానాలో ఆయన్ని అందరూ బుగ్గల మేస్త్రి అనేవారు. కరిగిన గాజుముద్దను ఇనుప గొట్టం కొసకు తీసుకుని ఊదాడంటే రెండు బుగ్గలూ బంతుల్లా ఉబ్బేవి. తన ఊపిరంటే ఆయనకు మహా గర్వం. నోట్లో గొట్టం లేనప్పుడల్లా సిగరెట్ ఉండేది.

“పొద్దస్తమానం కొలిమి ముందు నిలబడేవాణ్ణి, ఈ నిప్పురవ్వ నన్నేం చేస్తుందమ్మా?” అనేవాడు, తన దగ్గరే పని నేర్చుకున్న కూతురితో.

ఒకరోజు పనివాళ్ల ఊపిరితిత్తులు పరీక్షించడానికి డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ మిషన్‌లో మేస్త్రి దర్జాగా ఊదాడు.

“బుగ్గలతో కాదు మేస్త్రిగారూ. గుండెల నిండా పీల్చి, ఉన్నదంతా వదలండి.”

సగంలోనే దగ్గు తన్నుకొచ్చింది.

“పొగ మీ ఊపిరితిత్తుల్ని సగం తినేసింది. చిన్న సీసాలకి బుగ్గలు సరిపోయాయి కాబట్టి మీకు తెలీలేదు. పోయింది తిరిగి రాదు. ఇప్పుడు మానేస్తే ఉన్నదైనా నిలుస్తుంది.”

“జబ్బు మీ మిషన్‌కి,” అని లేచి వచ్చేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

వారం తిరక్కుండా పెద్ద కూజా పని వచ్చింది. దానికి బుగ్గలు చాలవు, నిండు ఊపిరి కావాలి. బుడగ సగం పెరిగేసరికి దగ్గు తెర కమ్మింది. నోట్లోంచి గొట్టం తీసేశాడు. గాజు ఎవరి కోసమూ ఆగదు, జారిపోతోంది.

“నువ్వు తిప్పు నాన్నా, నేను ఊదుతా,” అంటూ కూతురు గొట్టం అందుకుంది.

ఆయన తిప్పాడు, ఆమె ఊదింది. కూజా నిండుగా, ఎక్కడా వంకర లేకుండా పెరిగింది. ఊపిరి లేని ఛాతీ కూడా గర్వంతో పొంగుతుందని మేస్త్రికి అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం నుంచి సిగరెట్ ముట్టలేదు.

కూజా చల్లారాక యజమాని వచ్చి చూశాడు. పనివాళ్లందరి ముందూ మేస్త్రి భుజం తట్టాడు.

“నీ ఊపిరి ఇంకా గట్టిదే మేస్త్రీ.”

కూతురు తల వంచుకుని నిలబడింది. నాన్న పరువు ఆమెకు ప్రాణం. ఆయన ఊఁ అంటే చాలు, మేస్త్రిగిరీ నిలుస్తుంది.

“నాది ఎప్పుడో పొగ తాగేసిందయ్యా. ఇది మా అమ్మాయి ఊపిరి. రేపట్నించి తనే మేస్త్రి, నేను గొట్టం తిప్పుతాను.”

ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. అయినా తలెత్తుకునే చివరిదాకా చెప్పాడు.