ఒక్క టంగ్ అంటే అవును

నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో నన్నడగండి. అడిగినా చెప్పలేను, అదీ నా ఖర్మ. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో చెప్పడం నా ఉద్యోగం. అలాంటిదాన్ని, గొంతులో కాయలు కాశాయంటూ మూగనోము పట్టించారు.

డాక్టరు మొదటిసారి చెప్పినప్పుడు కొన్నాళ్ళు బుద్ధిగానే ఉన్నాను. ఒకరోజు స్టవ్ మీద పాలు పొంగిపోతుంటే, పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్న మా ఆయన మీద అరిచాను. పాలు ఆగలేదు, నా గొంతు మాత్రం ఆగిపోయింది. కథ మళ్ళీ మొదటికొచ్చింది. ఈసారి డాక్టరు నవ్వలేదు. మళ్ళీ పరీక్ష చేసేదాకా గుసగుస కూడా వద్దంది. అప్పటికీ తగ్గకపోతే కోత తప్పదనీ, కోశాక పాత గొంతే వస్తుందని మాత్రం తను మాటివ్వలేననీ చెప్పింది. ఆ గొంతు లేకపోతే మైకు ముందు నేనేం చెయ్యను, దుమ్ము దులపనా?

ఈలోగా బస్టాండులో నా బదులు రికార్డు పెట్టారు. మనసాగక ఓసారి వెళ్ళి విన్నాను. నిద్ర లేచి ఇంకా మొహం కడుక్కోని గొంతు అది. వెళ్ళిపోయిన బస్సు వస్తోందని చెబుతోంది. ఒళ్ళు మండిపోయింది గానీ ఏమని తిట్టను?

మా ఆయన రోజు మాత్రం బాగుంది. కరెంటు స్తంభాలెక్కే మనిషే గానీ ఇంట్లో ఏనాడూ మాట నెగ్గింది లేదు. ముందుగదికి ఆకుపచ్చ రంగు వేద్దామన్నాడు. నేను కళ్ళురిమాను. మౌనం అర్ధాంగీకారమంటూ వెళ్ళి డబ్బా, బ్రష్షూ కొనుక్కొచ్చాడు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఇదే సమయంలో మా అత్తయ్యకి కంటి ఆపరేషన్ అయింది. చేసిన కంటికి కట్టు, చెయ్యాల్సిన కంటికి పొర. ఆవిడకి చూపు లేదు, నాకు మాట లేదు. సైగ చేస్తే ఎవరు చూడాలి, రాసిస్తే ఎవరు చదవాలి? ఉపాయం అత్తయ్యదే. గ్లాసు మీద చెంచాతో కొట్టమంది. ఒక్క టంగ్ అంటే అవును, రెండంటే కాదు. ప్రశ్నలన్నీ ఆవిడే వెయ్యాలి కదా, సాయంత్రం కాగానే "టీ తాగుతారా అని అడుగుతున్నావా?" అనేది. టంగ్. "అయితే తాగుతాను" అనేది. కిటికీ దగ్గర ఇద్దరం వేడివేడిగా తాగేవాళ్ళం. ఆవిడ కబుర్లు చెప్పేది, నేను చెంచాతో ఊఁ కొట్టేదాన్ని. నా గొంతుకి ఇంటికప్పు లేచిపోతోందనీ, దాన్ని బస్టాండులోనే వదిలేసి రమ్మనీ కాపురానికొచ్చిన నాటినుంచి సతాయించిన మనిషితో నాకు ఇంత బాగా కుదిరింది ఆ రోజుల్లోనే.

పరీక్ష రేపనగా గాలివాన వచ్చింది. పొద్దుటినుంచీ ఉక్కపోత, నేను కాలుగాలిన పిల్లిలా గదుల్లో తిరుగుతూనే ఉన్నాను. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. తీగలు తెగిపడ్డాయని మా ఆయన్ని డ్యూటీకి పిలిచారు. కాసేపటికి కరెంటూ పోయింది. మాది పై అంతస్తు, ముందుగది కప్పు కారడం మొదలైంది. ఆ చుక్క సరిగ్గా మూలనున్న నీళ్ళబిందె మూత మీద పడుతోంది. పడనీలే, నేల తర్వాత తుడుద్దామనుకున్నాను. వెనకగది కిటికీ రెక్క గాలికి తెరుచుకుని పరుపంతా తడుస్తుంటే అటు పరిగెత్తాను.

ముందుగదిలో జరిగింది అత్తయ్య తర్వాత చెప్పింది. కుర్చీలో కూర్చుని, డాబా మీద బట్టలున్నాయా అనడిగిందట. టంగ్. తను తెచ్చేదా, ఆ మెట్లు తనకి కొట్టినపిండే కదా అందట. టంగ్. నువ్వు వెనకే వస్తావుగా అందట. టంగ్. ఇన్నేళ్ళలో నేను ఆవిడ మాటకి వరసగా మూడుసార్లు తలూపింది లేదు. అక్కడైనా అనుమానం రావాలా, వద్దా?

కిటికీ బిగించి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. వీధితలుపు గాలికి కొట్టుకుంటోంది. బయటికి వచ్చి చూస్తే ఆవిడ గోడ పట్టుకుని డాబామెట్లు సగం ఎక్కేసింది. మెట్ల చివర ఎండ పడకుండా వేసిన రేకు ఓపక్క ఊడి పైకీ కిందకీ ఎగురుతోంది. చేతిలో చెంచాతో ఇనపకమ్మీ మీద టపటపా బాదాను. ఆ హోరులో ఎవరికి వినబడుతుంది? పరిగెత్తినా అందేంత దగ్గర లేదు. రేపు పరీక్ష అన్న ఆలోచన నాకు వచ్చింది. రాలేదంటే అబద్ధం.

"అత్తయ్యా, ఆగండి!"

మైకు లేకుండా బస్టాండంతా వినబడే గొంతు. ఎక్కడా చీలలేదు. ఆవిడ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. రేకు ఊడి, ఆవిడ ముందున్న మెట్ల మీద దభీమని పడి, కమ్మీ మీదుగా ఎగిరి పెరట్లో పడింది. వెళ్ళి గట్టిగా పట్టుకున్నాను.

"బస్సు ఆగిందమ్మా" అంది, పళ్ళు టకటకలాడుతుండగానే.

లోపలికి తెచ్చి తల తుడిచాను. కట్టు మీద ప్లాస్టిక్ మూత ఉండబట్టి కన్ను తడవలేదు. వెళ్ళమన్నది నువ్వే కదా అని నిలదీసింది. కాదని రెండుసార్లు కొట్టాను. ఆ వెనకే మూలనుంచి టంగ్ అని వినబడింది. అత్తయ్య అటు చెవి పెట్టింది. ఇంకోటి పడింది. విషయం అర్థమై, పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వబోయాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ఎలాగూ అరిచేశానుగా, ఒక్క ముక్క అయితే ఏంలే అని అత్తయ్యా అనబోయాను. అదీ రాలేదు. గొంతులో ఎవరో గాజుపెంకు పెట్టినట్టుంది. భయమేసింది. చెంచా పట్టుకుని అలాగే కూర్చున్నాను.

నేనేమీ కొట్టకపోయేసరికి అత్తయ్య నవ్వు ఆపింది. రేపు డాక్టరు దగ్గరికి తనూ వస్తానంది. తిట్టేదేదో తననే తిట్టమంటానంది. నా కోసం చెయ్యి చాపి వెతుక్కుంది.

"నిజం చెప్పు. నొప్పిగా ఉందా?"

గబగబా రెండుసార్లు కొట్టాను.

బయట వాన కురుస్తూనే ఉంది. బిందె మూత టంగ్ మంది.

"నీకంటే ఆ చుక్కే నయం" అని, తడుముకుంటూ తువ్వాలు తీసి నా గొంతు చుట్టూ చుట్టింది.